బైలకుప్పె మొక్కజొన్న చేలలో

మైసూరు నుంచి మడికేరి వైపు వెళ్లే బస్సులో హుణసూరు, పిరియాపట్టణ దాటాక, కావేరి వంతెనకు కాస్త ముందు బైలకుప్పె వస్తుంది. చాలామంది అక్కడ దిగరు. వంతెన దాటి, కొడగు జిల్లా మొదలయ్యే కుశాలనగరలో దిగి, ఆటోలో వెనక్కి వస్తారు. నేనూ అలాగే వెళ్లాను. జులై నెలాఖరు. సన్నటి జల్లు పడుతూనే ఉంది. ఆటోస్టాండు దగ్గర మెరూన్ రంగు వస్త్రాల్లో చిన్న సన్యాసులు ముగ్గురు ఒకే గొడుగు కింద ఇరుక్కుని చిప్సు తింటున్నారు. ఆటో అతను కన్నడంలో వాళ్లని ఏదో ఆటపట్టించాడు. పదేళ్లు కూడా నిండని పిల్లవాడొకడు కన్నడంలోనే ఠకీమని జవాబిచ్చేసరికి స్టాండంతా నవ్వింది. ఆ మాట నాకు అర్థం కాలేదు కానీ నవ్వాగలేదు.

ఊరు దాటగానే రోడ్డుకి రెండు పక్కలా మొక్కజొన్న, నిలువెత్తున, పూతకొచ్చి ఉంది. కర్నూలు వైపు చేలలో పుట్టి పెరిగినవాళ్లకి ఆ పంట కొత్తేమీ కాదు. కొత్తదల్లా, చేల గట్ల మీద గడకు గడకు మధ్య తాడు లాగి కట్టిన జెండాలు. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, మళ్లీ నీలం. గుడ్డ నిండా మంత్రాలు అచ్చువేసి ఉంటాయి. గాలి తగిలినప్పుడల్లా ఆ ప్రార్థన నాలుగు దిక్కులకూ పోతుందని వాళ్ల నమ్మకం. కింద కూలీలు కలుపు తీస్తున్నారు, వాళ్ల మాట కన్నడం. పైన టిబెటన్ మంత్రాలు. ఆటో ఆపమని కాసేపు దిగి నిలబడ్డాను.

ఇక్కడ ఊళ్లకి పేర్ల కంటే అంకెలు ఎక్కువ. ఒకటో క్యాంపు, రెండో క్యాంపు, ఇలా సాగుతాయి. క్యాంపంటే టెంట్లుంటాయనుకోకండి. పెంకుల ఇళ్లు, డాబాలు, ముంగిట్లో బంతిపూలు, గేటు పక్కన స్కూటీ. మఠంవాళ్ల గెస్ట్‌హౌస్‌లో సంచీ పడేసి నడక మొదలుపెట్టాను. రెండు మలుపులు తిరిగేసరికి దారి తెలియలేదు. ప్రతి సందూ మొక్కజొన్నలోకే తీసుకెళుతోంది, ప్రతి మలుపులోనూ ఒక తెల్లటి స్తూపం. జపమాల తిప్పుకుంటూ స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్న ముసలామె కనబడింది. హిందీలో దారి అడిగాను. ఆవిడ ప్రదక్షిణ ఆపలేదు, రమ్మని చెయ్యి ఊపింది. ఆవిడతో పాటు తిరుగుతూ మాట్లాడాల్సి వచ్చింది. మూడు చుట్లయ్యాక "పదండి, మా ఇంటి మీదుగానే పోవాలి" అంది. పెద్ద వయసు ఆడవాళ్లని ఇక్కడ అందరూ "మోలా" అంటారు, మనం అవ్వా అన్నట్టు. నేనూ మోలా అనే పిలిచాను. ఆవిడ మొహం విప్పారింది.

ఆ ఇంట్లోనే మొదటిసారి వెన్న టీ తాగాను. టీ ఆకు మరిగించిన నీళ్లలో వెన్న, ఉప్పు వేసి చిలికి ఇస్తారు. టీ అంటే తీపి అని అలవాటుపడ్డ నాలుక మొదటి గుక్కకి తటపటాయిస్తుంది. దాన్ని చారు అనుకుని తాగండి, రెండో గుక్క నుంచి బాగుంటుంది. సగం గిన్నె తాగితే మళ్లీ నింపుతారు, అది మర్యాద. టీలో కలుపుకోవడానికి చాంపా పెట్టారు. వేయించిన బార్లీ పిండి, రుచి అచ్చం మన సత్తుపిండే.

మోలా ఇక్కడికి వచ్చేసరికి ఎనిమిదేళ్ల పిల్ల. 1959 మార్చిలో దలైలామా లాసా వదిలి, ఆ నెలాఖరుకి తవాంగ్ వైపు సరిహద్దు దాటి భారతదేశంలో అడుగుపెట్టారు. ఆయన వెనక దాదాపు 80 వేల మంది వచ్చారు. అస్సాంలో మిసమారి దగ్గర వెదురు పాకల్లో ఉంచారు. ఎప్పుడూ చలిలో బతికిన మనుషులు, ఆ ఉక్కకీ జ్వరాలకీ తట్టుకోలేకపోయారు. సన్యాసుల్లో చాలామందిని బెంగాల్లోని బక్సా కోటకు పంపారు. అది బ్రిటిష్‌వాళ్ల కాలంలో జైలు. మిగిలినవాళ్లని హిమాలయాల్లో రోడ్లు వేసే పనిలో పెట్టారు. మోలా తల్లిదండ్రులు కులూ వైపు రాళ్లు కొట్టారు. రోడ్డు ఎంత దూరం పోతే గుడారం అంత దూరం జరిగేది. పిల్లలకి బడి లేదు.

ఇలా ఎక్కువకాలం సాగదని దలైలామా నెహ్రూతో మాట్లాడారు. నెహ్రూ రాష్ట్రాలకి ఉత్తరాలు రాశారు, ఎవరి దగ్గరైనా ఖాళీ భూమి ఉందా అని. ముందుకొచ్చింది అప్పటి మైసూరు రాష్ట్రం. ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన నిజలింగప్పను ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ పేరు పెట్టి తలుచుకుంటారు. దాదాపు 3,000 ఎకరాల అడవి లీజు మీద ఇచ్చారు. 1960 చివర్లో మొదటి జట్టు వచ్చింది. అదే ఇప్పటి లుగ్‌సుం సందుప్‌లింగ్ సెటిల్‌మెంటు. పక్కనే 1969లో రెండోది, డిక్యీ లార్సో, వచ్చింది.

"పగలు చెట్లు కొట్టేవాళ్లు, కాల్చేవాళ్లు. రాత్రి ఏనుగులొచ్చేవి. పెద్దవాళ్లు డబ్బాలు వాయిస్తూ ఉంటే మమ్మల్ని మధ్యలో కూచోబెట్టేవాళ్లు. మా నాన్న అంతకు ముందు ఏనుగుని చూడలేదు, దేవుడి బొమ్మల్లో తప్ప" అంది మోలా. తలా దాదాపు ఒక ఎకరం చొప్పున పంచారు. బార్లీ వేశారు, రాలేదు. మొక్కజొన్న వేసుకోమని చుట్టుపక్కల కన్నడ రైతులు నేర్పారు. సహకార సంఘం పెట్టుకుని ట్రాక్టర్లు ఉమ్మడిగా కొనుక్కున్నారు.

ఆ మాటల దగ్గర నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మా అమ్మమ్మ ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునిగింది. పరిహారం డబ్బు రూపంలో వచ్చింది, ఇంటింటికీ వేరువేరుగా, వేరువేరు ఏడాదుల్లో. అన్నదమ్ములు తలో పట్టణానికీ పోయారు. ఆ ఊరు అన్న పేరుతో ఇప్పుడు పదిమంది ఒకచోట కూడేది పెళ్లిలోనో చావులోనో. ఆ ముంపులో కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. అంత చక్కటి పని చేయగలిగిన మనం మనుషుల ఊరిని ఊరుగా తరలించలేకపోయాం. మనం చేయలేకపోయిన ఆ పనే బైలకుప్పెలో జరిగింది. మనుషులకు డబ్బిచ్చి పంపలేదు, ఊరికి ఊరు ఇచ్చారు. పొలం, బడి, ఆసుపత్రి, గుడి అన్నీ ఒకేచోట. ఇరుగు పొరుగు చెదిరిపోలేదు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లకీ సొంత దేశంలో ఊరు పోయినవాళ్లకీ ఆ మొదటి నిర్ణయం దగ్గరే దారులు వేరవుతాయని నాకు గట్టిగా అనిపించింది. ఈ మాట పోలవరం పునరావాస కాలనీలు చూసినవాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది.

బడి సంగతి విడిగా చెప్పాలి. టిబెటన్ పిల్లల్ని మామూలు బళ్లలో కలిపేస్తే రెండు తరాల్లో భాష పోతుంది కాబట్టి వాళ్లకి వేరే బళ్లుండాలని నెహ్రూయే పట్టుబట్టారు. కేంద్ర విద్యాశాఖ కింద 1961లో దానికోసం ఒక సంస్థనే పెట్టారు. బళ్లలో చాలా వాటిని తర్వాత టిబెటన్ల సొంత సంస్థకు అప్పగించారు. సాయంత్రం బడి వదిలినప్పుడు గేటు దగ్గర నిలబడి చూశాను. యూనిఫాం మీద రెయిన్‌కోట్లు వేసుకున్న పిల్లలు టిబెటన్‌లో పోట్లాడుకుంటూ, హిందీ పాట పాడుకుంటూ, ఐస్‌క్రీం బండి అతనితో కన్నడంలో బేరమాడుతూ వెళ్లారు. హైదరాబాదులో మా ఇంటి పక్క పిల్లలకి తెలుగు చదవడం రాదు.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యంలో ముంచింది. ఈ టిబెటన్ల పునరావాసం కోసమే 1968లో మైరాడా అనే సంస్థ పుట్టింది. పేరులోనే మైసూరు పునరావాసం ఉంది. ఆ పని ఒక కొలిక్కి వచ్చాక వాళ్లు చుట్టుపక్కల పేద పల్లెల వైపు మళ్లారు. 1980ల మధ్యలో కర్ణాటక పల్లెల్లో చిన్న చిన్న పొదుపు సంఘాలతో పనిచేశారు, అనుభవం గడించారు. దాని మీద నాబార్డు ఆసక్తి చూపింది. 1992లో సంఘాలకి నేరుగా బ్యాంకు రుణం ఇచ్చే పద్ధతి మొదలవడానికి ఆ అనుభవం ఒక ముఖ్యమైన ఆధారం. మన ఊళ్లలో ఆడవాళ్లు నెలనెలా కూచుని పుస్తకాలు రాసుకుని బ్యాంకుకి వెళ్లి తెచ్చుకునే సంఘం లోను తీగ లాగితే, ఒక కొస ఈ మొక్కజొన్న చేలలో తేలుతుంది. పరాయివాళ్లకి పెట్టిన ఖర్చు అని సణిగేవాళ్లకి ఈ కథ చెప్పాలని ఉంటుంది నాకు.

మర్నాడు గోల్డెన్ టెంపుల్‌కి వెళ్లాను. అది ఉన్న నామ్‌డ్రోలింగ్ మఠాన్ని పెనోర్ రింపోచే 1963లో మొదలుపెట్టారు. ఈ పెద్ద ఆలయం 1999లో ప్రారంభమైంది. లోపల మధ్యలో 60 అడుగుల బుద్ధుడు, ఒక పక్క పద్మసంభవుడు, ఇంకో పక్క అమితాయుస్సు, బంగారు పూతతో. గోడల మీద బొమ్మలు చూస్తూ చూస్తూ మెడ పట్టేస్తుంది. పొడుగాటి కొమ్ముబూరలు ఊదినప్పుడు ధ్వని చెవులకంటే ముందు నేలలోంచి పాదాలకి తెలుస్తుంది. ఆదివారం అయితే బెంగళూరు నుంచి కార్లు బారులు తీరుతాయి, మీరు వారం మధ్యలో వెళ్లండి.

కానీ తెలుగువాళ్లు తప్పకుండా చూడవలసింది సెరా. లాసా దగ్గరి సెరా మహావిహారాన్ని బక్సా నుంచి వచ్చిన సన్యాసులు 1970లో ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. సాయంత్రం ముంగిట్లో వందలమంది జంటలు జంటలుగా చేరతారు. ఒకరు కూచుంటారు, ఒకరు నిలబడతారు. నిలబడ్డతను ప్రశ్న వేసి, ఎడమ కాలు నేలకి తన్ని, కుడి చేత్తో ఎడమ అరచేతి మీద టప్పున చరుస్తాడు. కూచున్నతను తడుముకోకుండా జవాబు చెప్పాలి. కొట్టుకుంటున్నారేమోనని దూరం నుంచి భయమేస్తుంది. దగ్గరికి వెళితే నవ్వులు. పక్కన నిలబడ్డ యువ సన్యాసిని దేని గురించి ఈ వాదం అని హిందీలో అడిగాను. "నాగార్జునుడు" అన్నాడు. మాధ్యమికం. ఏ వస్తువుకీ తనదంటూ స్వభావం లేదనే వాదం. వాళ్ల చదువుల్లో పెద్ద పట్టా అయిన గెషే అందుకోవడానికి ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది, అందులో ఏళ్లకేళ్లు ఈ చదువే. నేను మొదటిసారి నాగార్జునకొండ వెళ్లింది బడి విహారయాత్రలో. డ్యాము గేట్లు చూసి, లాంచీ ఎక్కి, మ్యూజియంలో రాళ్లు చూసి వచ్చేశాం. ఆయన ఏం చెప్పాడో ఎవరూ చెప్పలేదు. కృష్ణాతీరంతో పేరు పెనవేసుకున్న ఆచార్యుడి మాటల్ని లాసా దాటించి, హిమాలయాలు దాటించి, కావేరి ఒడ్డున చేతులు చరిచి కాపాడుతున్నవాళ్లని చూస్తే కళ్లు చెమర్చాయి.

మాది ఆంధ్ర వైపు అని తెలిసి అక్కడున్న పెద్ద సన్యాసి ఒకరు చెయ్యి పట్టుకున్నారు. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు ఆయన వచ్చారట. "జనవరిలో కూడా ఎండే! పచ్చడి అని ఒకటి పెట్టారు..." అని నాలుక బయటపెట్టి చూపించారు. అమరావతి పాత పేరు ధాన్యకటకం, అక్కడే బుద్ధుడు కాలచక్రం బోధించాడని వాళ్ల సంప్రదాయం. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న మన ఊరు వాళ్లకి తీర్థం.

మధ్యాహ్నాలు తుక్‌పా తిన్నాను. సేమ్యా కంటే లావుగా ఉండే నూడుల్స్‌తో వేడి సూపు, ఈ వానకి దాన్ని మించింది లేదు. టింగ్మో అని మెత్తటి ఆవిరి రొట్టె దొరుకుతుంది, దానిలోకి ఎర్ర మిరపకాయ చట్నీ. ఆ చట్నీ ఘాటు చూసి ఇంటికొచ్చినట్టనిపించింది. శాకాహారులకి బంగాళదుంప మోమో, బచ్చలి మోమో ఉంటాయి, అడిగి తినండి.

ఆ హోటల్లోనే మోలా మనవరాలు కలిసింది. బెంగళూరులో నర్సు, సెలవుకి వచ్చింది. 1996లో ఇక్కడే పుట్టింది. వాళ్లమ్మ కూడా 1972లో ఇక్కడే పుట్టింది. బ్యాగులోంచి ఒక చిన్న పుస్తకం తీసి చూపించింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అందరూ ఆర్‌సీ అంటారు. విదేశీయులకిచ్చే కాగితం. అయిదేళ్లకోసారి పోలీసుల దగ్గర పొడిగించుకోవాలి. దేశం దాటాలంటే పాస్‌పోర్టు ఉండదు, పసుపు అట్ట ఉన్న ఐడెంటిటీ సర్టిఫికెట్ ఉంటుంది. విమానాశ్రయాల్లో దాన్ని ఎప్పుడూ చూడని అధికారులు అటూ ఇటూ తిప్పుతూ నిలబెట్టేస్తారట. పుట్టిన ఊళ్లోనే పరాయి కాగితం పట్టుకు తిరిగే ఆ అమ్మాయిని చూస్తే నాకు బాధ కలిగింది. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్లుగా ఎదురుచూస్తున్న పిల్లలున్న తెలుగు ఇళ్లకి ఈ బాధలో ఒక పాలు తెలుసు. కానీ మన పిల్లలకి వెనక్కి వస్తే ఒక దేశముంది.

చట్టం చూస్తే ఈ కథ ఇంకోలా ఉంది. 1950 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ, 1987 జులై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్లు పుట్టుకతోనే భారత పౌరులు. తల్లిదండ్రులెవరన్న ప్రశ్నే లేదు. ఆ లెక్కన వాళ్లమ్మ పౌరురాలు, తల్లి పౌరురాలు కాబట్టి ఈ అమ్మాయీ పౌరురాలే. 2010లో ఢిల్లీ హైకోర్టు ఒక టిబెటన్ యువతి కేసులో ఈ మాట స్పష్టం చేసింది. 2014లో ఎన్నికల సంఘం వాళ్లని ఓటర్లుగా చేర్చుకోమంది. "మరి పాస్‌పోర్టు తీసుకోకూడదా?" అన్నాను. 2017లో విదేశాంగ శాఖ పెట్టిన షరతులు చెప్పింది. ఆర్‌సీ, పసుపు పుస్తకం రద్దు చేసుకోవాలి. ప్రవాస టిబెటన్ యంత్రాంగం ఇచ్చే సాయం వదులుకోవాలి. సెటిల్‌మెంటులో నివాసం ఉండకూడదు. అంటే పాస్‌పోర్టు కావాలంటే అమ్మమ్మ ఇల్లు వదలాలి.

మోలాకి ఆ చర్చే ఇష్టం లేదు. "నాకెందుకు? నేను వెళ్లిపోతాను కదా" అంది. వెళ్లిపోవడమంటే టిబెట్‌కి. అరవై ఏళ్లు దాటినా ఆవిడ మనసులో ఇది మజిలీయే. పౌరసత్వం తీసుకుంటే ఆశ వదిలేసినట్టవుతుందని ఇక్కడ చాలామంది పెద్దవాళ్ల బెంగ. ఎవరి మాట తప్పనాలి? నాకు అనిపించిందొక్కటే, ఇల్లూ కాగితమూ రెండింట్లో ఒకటి ఎంచుకోమనకూడదు. కావాలన్నవాళ్లకి పౌరసత్వం ఇచ్చి, వాళ్ల ఊళ్లో వాళ్లని ఉండనివ్వచ్చు.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. శరణార్థుల గురించి మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. 1951 ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మనం సంతకం చెయ్యలేదు. ఎవరు వచ్చారు, ఎక్కడినుంచి వచ్చారు, ఆ రోజు ఢిల్లీలో ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఆదరణ మారుతుంది. టిబెటన్లకి భూమి, బడి దొరికాయి. 2014లో వాళ్లకోసం పునరావాస విధానం కూడా వచ్చింది, లీజులు, ప్రభుత్వ పథకాలు అందులో ఉన్నాయి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లని దండకారణ్యంలో దించారు, వాళ్లలో కొన్ని కుటుంబాలు కాగజ్‌నగర్ దగ్గర ఇప్పటికీ బెంగాలీ మాట్లాడుతూ ఉన్నాయి. తమిళనాడులో శ్రీలంక తమిళులు దశాబ్దాలుగా శిబిరాల్లో ఉన్నారు. హైదరాబాదులో బాలాపూర్ పక్క రేకుల పాకల్లో రోహింగ్యాలున్నారు. ఐక్యరాజ్యసమితి కార్డు చేతిలో ఉన్నా ప్రభుత్వం దృష్టిలో వాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లు. బైలకుప్పె చూసినవాళ్లెవరూ మనకి చేతకాదని అనలేరు. ఇంత బాగా చేసిన పనిని దయగా మిగల్చకుండా చట్టంగా రాసుకోవాలి.

ఇప్పుడు ఇక్కడి ఇళ్లకి తాళాలు పడుతున్నాయి. 2009లో టిబెటన్లు తమ జనాన్ని లెక్కపెట్టుకున్నప్పుడు భారతదేశంలో 94 వేల పైచిలుకు ఉన్నారు. ఆ తర్వాత తగ్గుతూ వచ్చారు. అమెరికా 1990 చట్టంలో వెయ్యిమందికి తలుపు తీసింది, కెనడా ఇంకో వెయ్యిమందిని అరుణాచల్ నుంచి తీసుకుంది. వెళ్లినవాళ్ల వెనక చుట్టాలు వెళుతున్నారు. చేలు చాలావరకూ చుట్టుపక్కల రైతులు కౌలుకి చేస్తున్నారు. నర్సమ్మాయి కూడా జర్మన్ నేర్చుకుంటోంది.

మీరు వెళ్లదలిస్తే జూన్ నుంచి సెప్టెంబరు లోపు వెళ్లండి, చేలు పచ్చగా ఉంటాయి. దసరా దాటాక చాలా ఇళ్లలో ముసలివాళ్లే మిగులుతారు. మిగతావాళ్లు స్వెట్టర్లు అమ్మడానికి ఊళ్లు పడతారు, హైదరాబాదు, విజయవాడ, విశాఖలకీ వస్తారు. వచ్చినప్పుడు మీది ఏ క్యాంపని అడిగి చూడండి, బేరం పక్కనపెట్టి మాట్లాడతారు. మనకి పర్మిట్ అక్కర్లేదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మీ అబ్బాయో కోడలో కూడా వస్తానంటే మాత్రం, సెటిల్‌మెంటులో రాత్రి ఉండటానికి ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి. దానికి చాలా ముందే దరఖాస్తు పెట్టండి. అది అందకపోతే కుశాలనగరలో గది తీసుకోండి, పగలంతా తిరిగి, సెరాలో సాయంత్రం వాదన చూసి, ఆటోలో వంతెన దాటేయొచ్చు.